మధురవాణి ఒంటి రంగు

మా విజయనగరాన్ని విద్యలనగరం అంటారు. అనేవాళ్ళలో మేమే ఎక్కువమందిమి, అది వేరే సంగతి. ఆ విద్యలేమిటయ్యా అని గంటస్తంభం దగ్గర ఎవర్ని నిలేసి అడిగినా ముందు సంగీతం అంటాడు. 1919లో పెట్టిన సంగీత కళాశాల, దాని తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు. ఆ తరవాత గురజాడ అప్పారావుగారు. ఇంకా ఓపికుంటే కోడి రామమూర్తిగారి కండబలం కథలు. చిత్రలేఖనం మాట మట్టుకు ఎవరూ ఎత్తరు. సంగీత కళాశాల పుట్టిన ఏడాదే పుట్టిన అంట్యాకుల పైడిరాజుగారు మా ఊరివారే. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారి దగ్గర నేర్చుకుని, తిరిగి వచ్చి ఇక్కడే బొమ్మల బడి పెట్టి ఎందరికో కుంచె పట్టడం నేర్పారు. పక్కనున్న శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘వ.పా.’ అన్న రెండక్షరాల సంతకం కోసం పత్రికలు కొని, అట్టలు జాగ్రత్తగా ఊడదీసి గోడలకి అంటించుకున్న ఇళ్ళు ఈ ప్రాంతాల్లో ఎన్నో. అయినా పాటకున్న పరువు బొమ్మకి లేదు. ‘చదువు మానేసి బొమ్మలు గీస్తున్నాడండీ’ అని తండ్రులు నాతో మొరపెట్టుకోవడమే గాని, ‘చదువు మానేసి త్యాగరాజకృతి పాడుతున్నాడండీ’ అని ఒక్కరూ ఏడవగా నేను వినలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ళుగా నాకు ఆదివారం పూట ఒక బొమ్మల క్లాసుతో పరిచయం కలిగింది. నేర్చుకునేది నేను కాదు, మా చిన్నమ్మాయి. దాన్ని దింపేసి వచ్చేద్దామనే వెళ్ళేవాణ్ణి. మాస్టారు కాఫీ ఇవ్వడం మొదలెట్టాక కూర్చోవడం మొదలైంది. ఆయన ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న డ్రాయింగు మాస్టారు. అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో, మేడమీద పొడుగాటి గది. బల్లల్లేవు, చాపలే. పధ్నాలుగుమంది పిల్లలు. గోడకి ఒక గడియారం, అది నడవదు. తీసెయ్యరేమండీ అంటే, ‘చూసి గీయడానికి పనికొస్తుంది, ముల్లు కదిలితే పిల్లలకి కష్టం’ అన్నారు.

కిందటేడు సెప్టెంబరు 21, అంటే గురజాడవారి పుట్టినరోజు, దగ్గరపడుతోందనగా ఆయనకో ఊహ వచ్చింది. ఊరంతా ఆ రోజున గురజాడవారికి దండలు వేస్తుంది గదా, మన పిల్లలచేత మధురవాణిని వేయిద్దాం అన్నారు. నిలువెత్తు బొమ్మ. పధ్నాలుగుమందీ కలిసి ఒక్క బొమ్మే. ఒకరిద్దరు తల్లిదండ్రులు గొణిగారు, ఎంత గొప్ప పాత్రయినా వేశ్య గదా, పసిపిల్లలచేతనా అని. ‘సావిత్రి బొమ్మ అనుకోండి’ అన్నారు మాస్టారు. దాంతో అందరూ సర్దుకున్నారు. 1955లో వచ్చిన సినిమా పుణ్యమా అని తెలుగుదేశానికి మధురవాణి ముఖం తెలుసు. అయితే అది తెలుపూ నలుపూ సినిమా. ముఖం తెలుసు గాని చీర రంగు ఎవరికీ తెలియదు.

చెయ్యవలసిన విధానం ఇదీ. ఎనిమిది చార్టులు మైదాజిగురుతో అతికించి నేలమీద పరిచారు. క్లాసులో అందరికన్న పొడుగైన పిల్లని దానిమీద పడుకోబెట్టి, చుట్టూ బొగ్గుతో గీత గీశారు. మాస్టారు ఆ గీతని దిద్ది, కొప్పు పెట్టి, చీర కట్టి, ఒక చేతిని నడుము మీదికి తెచ్చి, నిలుచున్న మనిషిని చేశారు. ఇంతవరకూ బాగానే ఉంది. తరవాత కత్తెర తీసుకుని ఆ మనిషిని పధ్నాలుగు ముక్కలు కోశారు! కొప్పు, ముఖం, మెడ, రవిక, చేతులు రెండు, నడుము, పైట రెండు ముక్కలు, కుచ్చెళ్ళు మూడు, పాదాలు రెండు. చీట్లు వేసి తలో ముక్కా ఇచ్చారు. ‘గీత నాది, రంగు మీది. ఏ రంగెయ్యను అని ఎవర్నీ అడగొద్దు, నన్నసలే అడగొద్దు. ఒకరి ముక్క మీద ఇంకొకరి కుంచె పడకూడదు’ అన్నారు.

ఒక బొమ్మకి పదిమంది చేతులు పడడం కొత్తదేం కాదు. అక్బరు కొలువులో బసావన్ వంటి మేటి చిత్రకారుడు గీత గీసి ఇస్తే రంగు మరొకరు నింపేవారు. కొన్ని బొమ్మల్లో ముఖాలు వెయ్యడానికి మూడోమనిషి వచ్చేవాడు. ఎవరి వంతు ఏమిటో బొమ్మ కింద అంచులో రాసేవారు కూడాను. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుకూటంలో ఒక్కొక్క రంగుకీ ఒక్కొక్క రాయి. మన తాతల పూజగదుల్లో వెలిసిన లక్ష్మీసరస్వతులకు రవివర్మ వేసిన రంగెంతో, రాళ్ళమీద పనిచేసినవాళ్ళు కలిపిన రంగెంతో విడదీసి చెప్పడం కష్టం. 1925 ప్రాంతంలో పారిస్‌లో కొందరు కవులూ చిత్రకారులూ కాగితం మడతపెట్టి, ఒకడు తల, ఇంకొకడు మొండెం, వేరొకడు కాళ్ళు, ముందువాడు గీసింది చూడకుండా గీసి, విప్పి చూసి నవ్వుకునేవారు. ఆ ఆటకి ‘సొగసైన శవం’ అని పేరు పెట్టుకున్నారు. శుభమా అని గురజాడవారి పుట్టినరోజు గనక ఆ పేరు నేను క్లాసులో చెప్పలేదు.

కాని వీటన్నిటికీ మా మాస్టారి పద్ధతికీ ఒక తేడా ఉంది. అక్కడ రంగు ఎవరో ఒక పెద్ద నిర్ణయిస్తాడు, లేదా సంప్రదాయం నిర్ణయిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో దేవుళ్ళు నీలం, ఆడవాళ్ళు పసుపు. రంగద్దేవాడికి ఎంపిక లేదు, అక్కర్లేదు కూడాను. ఇటు మన సీతంపేట కొండల్లో సవరలు గోడకి ఎర్రమట్టి అలికి బియ్యప్పిండితో వేసే బొమ్మల్లో మనిషీ, ఏనుగూ, చెట్టూ, సూర్యుడూ అన్నీ తెల్లవే. వెరియర్ ఎల్విన్ సవరల మతాన్ని గురించి 1955లో అచ్చువేసిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మలమీద ఎంతో రాశాడు. అక్కడ రంగు గురించి తగువే లేదు. తగువంతా ‘నీ ఇష్టం వచ్చిన రంగు వేసుకో’ అన్నచోటనే మొదలవుతుంది.

రెండు ఆదివారాలు పిల్లలు గదిలో తలో మూలా గోడవేపు తిరిగి కూర్చున్నారు. పేర్లెందుకు గాని, వాళ్ళ వంతుకొచ్చిన ముక్కలతోనే పిలుస్తాను. పైట నెమలికంఠం రంగు కలపాలని ప్రయత్నించి, నాలుగుసార్లు బురదరంగు చేసి, చివరికి సాధించింది. కుచ్చెళ్ళలో ఒకటి వంగపండు, ఒకటి మిరపపండు, ఒకటి నశ్యం రంగు. ఇదేం చీర అనుకోకండి; అల్లాంటి చీర తరవాత మా కాలేజీలో ఒక అమ్మాయి కట్టుకొచ్చింది, కొన్నదేనట. ఎడమపాదం నిండా పారాణి. కుడిపాదం బూడిదరంగు. అదేటిరా అంటే, ‘రోడ్డుమీద నడిచొచ్చింది గదండీ’ అన్నాడు. మా అమ్మాయిది ఎడమచెయ్యి. దానికి ఆలోచనే లేదు. సంచీలోంచి గులాబీ, పసుపు కలిసిన లేతరంగు సీసా తీసి తాపీగా పూసేసింది. ఆ రంగుకి మా ఊరి పుస్తకాల దుకాణాల్లో ‘స్కిన్ కలర్’ అని పేరు. ఏ పిల్లైనా ఆ పేరుతోనే అడుగుతుంది. ఎవరి చర్మమో ఎవరూ అడగరు. అమెరికాలో క్రేయోలా కంపెనీవారు ఇల్లాంటి రంగుపుల్లకే ‘ఫ్లెష్’ అని పేరు పెట్టుకుని, 1962లో దాన్ని మార్చి ‘పీచ్’ అన్నారు. అంటే పండు పేరు పెట్టి, మనిషిని అందులోంచి తప్పించారు.

ముఖం కంటోన్మెంటు వేపు నుంచి వచ్చే ఒక పన్నెండేళ్ళ పిల్లకి పడింది. మాట తక్కువ పిల్ల. ముందు నలుపు సీసా అందుకుంది. మాస్టారు రంగుల జోలికి రాకూడదని తనకి తాను నియమం పెట్టుకున్నవారు, అయినా ఉండబట్టలేక, ‘నలుపు ముట్టుకోకమ్మా, నలుపు కలిస్తే మసి అవుతుంది గాని మనిషి అవదు’ అన్నారు. ఆ పిల్ల అప్పుడు ఇటుకరంగుని మించిన ఒక కావిరంగులో కాస్త నీలం వేసింది. చల్లబడిపోయింది. కాస్త ఎరుపు వేసింది. మండిపోయింది. పసుపు చిటికెడు వేసింది. ప్రతిసారీ కుంచెతో ఒక చుక్క తీసి తన మణికట్టుమీద పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూసేది, చెరిపేసి మళ్ళీ వచ్చేది. గంటా గంటన్నర ఇదే పని. చివరికి ఒక చుక్క పెట్టుకుంది, చేతిమీద ఆ చుక్క కనపడకుండా పోయింది. అప్పుడు కూర్చుని ముఖం వెయ్యడం మొదలెట్టింది.

మూడో ఆదివారం ముక్కలన్నీ కలిపి నేలమీద పేర్చారు. పిల్లల తల్లులు కొందరు వచ్చారు. చీర చూసి నవ్వారు, పాదాలు చూసి మరీ నవ్వారు. ముఖం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. ముఖం నల్లన. మెడ లేతగులాబీ. కుడిచెయ్యి పసుపురాసుకున్నట్టు పచ్చన, ఎడమచెయ్యి మా అమ్మాయి వేసిన స్కిన్ కలర్. మెడకీ ముఖానికీ కలిసేచోట గడ్డం కింద గీత గీసినట్టుంది.

‘బాగుంది గాని మాస్టారూ, మధురవాణంటే అందగత్తె కదండీ. ముకం మరీ అలాగుంటే ఏటి బాగుంటాది? కాస్త పైపైన తెలుపు కొట్టించీయండి’ అంది ఒకావిడ. చెడ్డగా అనలేదు సుమండీ. వంటలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగానే అంది. ఇంకొకావిడ, ‘రేపు ఫొటో పేపర్లో పడితే నలుగురూ చూస్తారు గదా’ అంది. అందరూ మాస్టారివేపు చూశారు. మాస్టారు నావేపు చూసి, ‘మీరు తెలుగు ఎమ్మే. చెప్పండి’ అన్నారు.

కన్యాశుల్కం మా ఇంట్లో అలమారులో ఉంది. 1909 నాటి రెండో కూర్పు పాఠమే. అది తెచ్చి, ఫలానా పుటలో ఇల్లా ఉంది చూడండి అని తీర్పు చెప్పడం నాకిష్టం లేకపోయింది. పుస్తకంలో ఏముంటే అది వెయ్యాలంటే, ఇక ఆ పిల్ల గంటన్నర కిటికీ దగ్గరికీ చాపమీదికీ తిరగడమెందుకు? అంచేత నాకు వచ్చిన విద్య, అంటే మాటల విద్య, చెప్పాను. తెలుగు కవులు అందగత్తెని ‘చామ’ అంటారు. అది శ్యామకి వికృతి. చామనచాయలో ఉన్న చామన కూడా అక్కడిదే. భరతుడు రసాలకి రంగులు చెబుతూ హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు, కరుణకి పావురాయి రంగు ఇచ్చి, శృంగారానికి శ్యామవర్ణం ఇచ్చాడు. ద్రౌపదికి కృష్ణ అని పేరొచ్చింది ఒంటి రంగు మూలాన్నే. ఆమెని క్యాలెండర్లలో తెల్లగా వేసినవాళ్ళు వ్యాసుణ్ణి అడిగి వెయ్యలేదు. అసలు 1892లో ఈ ఊళ్ళోనే జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. ఆ కాలంలో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు, ముఖానికి అర్దళం పూసుకుని. మధురవాణి తెలుపు ఏదైనా ఉంటే అది ఆ అర్దళపు తెలుపే.

ఇదంతా విని మొదటావిడ, ‘అవన్నీ పుస్తకాల్లోవండి’ అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

నిజానికి తెలుగు మాటలే ఆవిడ పక్షాన ఎక్కువున్నాయి. చీరల విషయంలో మన భాషకి ఎంత చూపు! వంగపండు, చిలకపచ్చ, ఉల్లిపొర, మావిడిపిందె, కనకాంబరం, గంధం, నశ్యం, నెమలికంఠం. కోరంగి మొదలు ఇచ్ఛాపురం దాకా ఏ బట్టల కొట్టులోనైనా ఈ పేర్లతో అడిగితే తీసి ఇస్తారు. అదే ఆ చీర కట్టుకునే ఒంటి సంగతి వచ్చేసరికి ఏమున్నాయి? తెల్లనివాళ్ళకి తెలుపు, ఎరుపు, పచ్చన, దబ్బపండు అని నాలుగైనా ఉన్నాయి. ఆ తరవాత చామనచాయ, ఆ తరవాత నలుపు, అయిపోయింది. అంతకన్నా వింత, ‘రంగు తక్కువ’ అంటాం. ఈ మాట ఆ రోజు ఎవరో అనగానే మాస్టారికి ఎక్కడలేని కోపం వచ్చింది. ‘తక్కువేమిటమ్మా! నాలుగు సీసాల రంగు పట్టింది ఆ ముఖానికి. రంగు తక్కువైంది చేతులకి’ అన్నారు.

రంగు తక్కువ. మా ఇంట్లో ఈ మాట బాగా వాడకంలో ఉండేది. మా అక్కది చామనచాయ. నేను ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో అక్కకి సంబంధాలు చూస్తున్నారు. ఒక స్టూడియోలో ఫొటో తీయించారు. ఆ స్టూడియో ఆయన దీపాలు పెంచి, పౌడరు దట్టంగా వేయించి, తరవాత ఏం చేశాడో గాని, ఫొటోలో మా అక్క దబ్బపండులా ఉంది. ఆ ఫొటో పట్టుకుని నాన్న చాలా ఊళ్ళు తిరిగాడు. ఒకరు వచ్చి చూసి వెళ్ళి ఉత్తరం రాశారు: అమ్మాయి అన్నివిధాలా నచ్చింది, అయితే ఫొటోలో ఉన్నంత రంగు లేదు. నాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. అక్క వంటింట్లోంచి వచ్చి, ‘ఆ రంగు నేనేసుకోలేదు నాన్నా’ అని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు పార్వతీపురం వేపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. కాని ఆ ఫొటో మట్టుకు ఎవరికీ ఇవ్వదు, చింపదు, బీరువాలో బట్టల అడుగున ఉంచుతుంది.

బొమ్మల క్లాసులో ఆ రోజు అక్క సంగతి నేను ఎత్తలేదు. అక్కడ ఎత్తవలసిన సంగతి కాదు అది. తగువు ఎల్లా తెగిందో చెబుతాను.

తెలుపు కొట్టడానికి మాస్టారు ఒప్పుకోలేదు. ఒకరి ముక్క మీద ఇంకొకరి కుంచె పడకూడదన్నది ఆయన పెట్టిన నియమమే గదా. ముఖం పిల్లని అడిగారు, మారుస్తావా అని. ఆ పిల్ల నేలచూపులు చూస్తూ, ‘ముకం నా వంతుకొచ్చింది కదండీ’ అంది. అంతే. పోనీ గడ్డం కింద అతుకు కనపడకుండా మెళ్ళో కంటె వేసేద్దామని మాస్టారే ఉపాయం చెప్పారు. ముంజేతులకి గాజులు, నడుముకి వడ్డాణం, కాళ్ళకి కడియాలు. ఎక్కడెక్కడ రంగు మారుతుందో అక్కడక్కడ ఒక నగ! నగలు ఒంటిమీద ఎక్కడెక్కడ పెట్టుకుంటారో ఒక్కసారి లెక్కవేసి చూడండి, ఈ ఉపాయం మా మాస్టారికన్నా చాలా పాతదేమో అనిపిస్తుంది.

ఇంతలో మెడ లేచాడు. పదేళ్ళవాడు, సన్నగా పొట్లకాయలా ఉంటాడు. తన ముక్క తీసుకుని ముఖం పిల్ల దగ్గరికి వెళ్ళి, ‘అది ఎలా కలిపేవు?’ అన్నాడు. తల్లి కళ్ళతో వారించింది గాని వాడు చూడలేదు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. ముక్క వాడిది, కుంచె వాడిది, కలపడం మట్టుకు ఆ పిల్ల చెప్పింది. నియమం చెడలేదు. గంట తరవాత మెడ తెచ్చి పెడితే, ముఖంతో పూర్తిగా కలవలేదు గాని ఒక మనిషి మెడే అనిపించింది. వాడిది తేనెరంగు ఎక్కువైంది.

నేను మా అమ్మాయి పక్కకి చేరి, నీ చెయ్యి కూడా మారుస్తావేమిటే అని నెమ్మదిగా అడిగాను. ‘ఎందుకూ? మెడవాడికి ఇష్టమై మార్చుకున్నాడు. నా చెయ్యి నాకు బాగానే ఉంది’ అంది. ముఖం పిల్ల ఆ మాట విని తలెత్తి నవ్వింది. ఆ రోజంతట్లో ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అప్పుడే. కుడిచెయ్యి కూడా పసుపు వదల్లేదు. అంచేత మధురవాణికి మెడలో కంటె అక్కర్లేకపోయింది గాని, చేతులకి తలో డజను గాజులు పడ్డాయి.

సెప్టెంబరు 21న ఒక బడి వరండాలో బొమ్మని నిలబెట్టారు. జనం పెద్దగా రాలేదు. వర్షం. వచ్చినవాళ్ళలో, ఒకప్పుడు నాటకాల్లో వేషాలు కట్టిన ఒక ముసలాయన బొమ్మకి దగ్గరగా వెళ్ళి, కళ్ళజోడు పైకి తోసుకుని ముఖాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. ‘ఈ రంగేసిందెవరు?’ అన్నారు. పిల్లని చూపించాం. ‘ఎలా కలిపావమ్మా?’ అన్నారు. ‘సెప్పనండి’ అంది. ఆయనకి సంతోషమేసింది. ‘మా మేకప్పాయనా అంతే, సచ్చేదాకా ఎవరికీ సెప్పలేదు’ అన్నారు. తెలుపు కొట్టించమన్నావిడ కూడా వచ్చింది. బొమ్మ పక్కన కొడుకుని నిలబెట్టి సెల్‌ఫోనులో ఫొటో తీసింది, మధురవాణి నడుము దగ్గర్నించి కిందికి మాత్రమే పడేటట్టు. వాడిది కుడిపాదం లెండి, తప్పు పట్టడానికి లేదు.

మధ్యాహ్నం బస్సుకి అక్క వచ్చింది. చూసింది. ముఖం గురించి ఏమైనా అంటుందేమోనని నేను కాచుకున్నాను. పధ్నాలుగు ముక్కలూ ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టి, ‘ఎడమచెయ్యి మన దానిదే కదూ? వేళ్ళు పొడుగైపోయాయి’ అంది. తరవాత మేనకోడలి చెయ్యి పట్టుకుని, ఆ ముఖం పిల్ల ఎవరో చూపించవే అని వరండా చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బస్సెక్కేటప్పుడు అక్క మణికట్టు మీద ఎండిపోయిన రంగుచుక్క ఒకటుంది. కొంచెం కనపడుతోంది, ఒక పాలు పసుపు ఎక్కువైనట్టుంది.

ఈ ఏడాది గిరీశాన్ని వేస్తామంటున్నారు మాస్టారు. చార్టులు కొనేశారు. చీట్లు ఇంకా వెయ్యలేదు గాని, చుట్ట ఎవరి వంతుకు రావాలన్న విషయం మీద నలుగురు మగపిల్లలు అప్పుడే మాటలు మానేశారు.